సున్నాకి వచ్చిన కళ్లకలక

మా ప్రయోగశాలలో నన్ను సున్నా మేడమ్ అంటారు. ఎదురుగా అనరు, నేను మెట్లు దిగుతుంటే వెనకాల అంటారు. నా చెవులు బాగానే పనిచేస్తాయి. ఆ పేరు రావడానికి ఒకే ఒక్క వాక్యం కారణం. మా దగ్గర మాంసం కొనే దేశం వాళ్లు సరుకుతోపాటు ఒక ధ్రువపత్రం అడుగుతారు. నేను సంతకం పెట్టాల్సిన చోటికి సరిగ్గా పైన "ఈ మాంసంలో నిషేధించిన మందు లేదు" అని అచ్చువేసి ఉంటుంది. లేదట, అంటే సున్నా అట! అంత ధీమాగా లేదని చెప్పడానికి నేనెవరిని? నా యంత్రం కొంతవరకే చూడగలదు. అంతవరకూ కనబడకపోతే కనబడలేదంటాను. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. మా ఆయన రోజూ పొద్దున అలమర తలుపు పట్టుకుని నిలబడి మేజోళ్లు లేవని అరుస్తాడు. నేను వెళ్లి చూస్తే అతని ముక్కు కిందే ఉంటాయి.

ఏడేళ్లుగా రెండు దేశాల సమావేశాల్లోనూ ఇదే పాట పాడుతున్నాను. "ఎంతదాకా వెతకాలో ఒక అంకె రాసుకుందాం. మీరూ అంతదాకానే చూడండి, మేమూ అంతదాకానే చూస్తాం. అంకె లేకపోతే మంచి యంత్రం కొన్నవాడే దొంగ అవుతాడు" అని చెబుతాను. అవతలి దేశం ప్రయోగశాల పెద్ద ఒకావిడ. పొట్టి తెల్లజుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్లజోడు. అంతా ఓపిగ్గా విని, దుబాసీ చేత "మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం" అనిపిస్తుంది. నమోదు చేసుకున్నామంటే చెత్తబుట్టలో వేశామని అర్థం. ఆ మాత్రం దౌత్యభాష నాకూ వచ్చు.

అలా ఉండగా మాకే కొత్త యంత్రం వచ్చింది. పాతదానికన్నా ముప్పై రెట్లు సూక్ష్మంగా చూస్తుంది. వంద కోట్ల పాళ్ల మాంసంలో ఒక పాలులో పదోవంతు మందు ఉన్నా పట్టేస్తుంది. మా పెద్దసారు దాని పక్కన నిలబడి, చెయ్యి దాని భుజం మీద వేసినట్టు వేసి ఫొటో తీయించుకున్నాడు. దానికి భుజం లేదు గానీ ఆయన ఆనందం ఆయనది.

అదే వారంలో మా ఇంట్లో కళ్లకలక ప్రవేశించింది. మా అత్తగారు పంటి నొప్పికని ఆసుపత్రికి వెళ్లింది. పంటికి వెళ్లి కంటికి తెచ్చుకుంది. అక్కడ్నుంచి మా అమ్మాయికి, అమ్మాయి నుంచి మా ఆయనకి, అందరికీ అయ్యాక నాకు. పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోయి, గోడ పట్టుకుని స్నానాలగదికి నడిచాను. సెలవు పెట్టమని మా ఆయన అన్నాడు. పెడితే ఎవరు చూస్తారు? కొత్త యంత్రం మీద శిక్షణ ఉన్నవాళ్లం ఇద్దరమే, సంతకం హక్కు ఉన్నది నా ఒక్కదానికే.

"అమ్మాయ్, కళ్లు తెరువు. మందు వేస్తాను" అంది అత్తగారు.

"తెరుచుకుంటే నేనే వేసుకుందును కదా అత్తయ్యా" అన్నాను.

ఇంట్లో నలుగురికీ ఒకటే మందు గొట్టం. ఆఫీసులో వేసుకోవడానికి అందులోంచి కాస్త చిన్న డబ్బాలో పిండి ఇచ్చింది. శుభ్రత విషయంలో ఊళ్లోవాళ్లందరి ప్రాణాలూ తోడే నేను ఆ డబ్బాను నోరెత్తకుండా సంచిలో వేసుకున్నాను. కళ్లు మూసుకుపోయిన మనిషి ఏమిచ్చినా తీసుకుంటుంది.

ఆరోజు పరీక్షకి వచ్చినవి పదహారు గొర్రెమాంసం ముక్కలు. ఆ మాంసం వెనకాల ఒక మనిషి ఉన్నాడు, ఆయన గురించి చెప్పాలి. పశువుల డాక్టరు. భారీ మనిషి, మోకాళ్లదాకా రబ్బరు బూట్లు, గట్టి గొంతు. కాపరులంతా కలిసి పెట్టుకున్న కొత్త మాంసం కర్మాగారానికి ఆయనే నాణ్యత అధికారి. ఆ నిషేధించిన మందు చవక, గొర్రె నలతపడితే గబుక్కున లేపుతుంది. అందుకని దొంగచాటుగా వాడేవాళ్లుంటారు. ఈయన రెండేళ్లపాటు దొడ్డిదొడ్డికీ తిరిగి, నేల మీద కూర్చుని, బతిమాలి, కోప్పడి, పదహారు దొడ్లవాళ్ల చేత మాన్పించాడు. "నా మాట మీద ఉండండి. మన గొర్రె సముద్రం దాటుతుంది" అని మాటిచ్చాడు. ఇది వాళ్ల మొదటి సరుకు. దొడ్డికొక ముక్క చొప్పున మా దగ్గరకొచ్చింది. మందు బయటపడితే కర్మాగారం పేరు ఏడాదిపాటు కొనేవాళ్ల జాబితాలోంచి ఎగిరిపోతుంది. ఆ తర్వాత డాక్టరు మాట ఏ దొడ్లోనూ చెల్లదు.

నల్లకళ్లద్దాలు పెట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, ముక్కలు కోసి, రుబ్బి, తూచాను. నాతో పనిచేసేవాడికి గడియారం అని పేరు. నాకన్నా రెండేళ్లు చిన్న, ఇద్దరు పిల్లల తండ్రి, నోట్లో నాలుక లేనివాడు. ఒకటే జబ్బు, ప్రతిదానికీ వేళ రాస్తాడు. ఫలానా సీసా మూత తీసిన వేళ, పెట్టిన వేళ, నేను తుమ్మిన వేళ. వేళ రాయమని ఏ నియమంలోనూ లేదు. "నీ చాదస్తానికి పుస్తకాలు చాలవురా" అని నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో లెక్కలేదు. ఉత్త నీళ్లతో చేసే సరిపోల్చే నమూనా కూడా ఎప్పట్లాగే అతనే తయారుచేశాడు.

మర్నాడు ఫలితాలొచ్చాయి. నీళ్లలో ఏమీ కనబడలేదు. పదహారు ముక్కల్లోనూ మందు కనబడింది. చాలా తక్కువే, పాత యంత్రమైతే పట్టేదే కాదు. కానీ అక్కడ రాసి ఉన్నది "లేదు" అని కదా! పైగా ఈ యంత్రం తన పని ముగించగానే ఫలితాన్ని రెండు దేశాలకూ ఒకేసారి పంపిస్తుంది. నేను చూసేసరికే అవతల ఆవిడా చూసేసింది. పది రోజుల్లో తెర మీద సమావేశమని కబురు వచ్చింది.

డాక్టరుకి ఫోన్ చేసి ఒంటికాలి మీద లేచాను.

"పదహారింటికి పదహారూ! ఒకటో అరో అయితే ఎవడో తప్పు చేశాడనుకుంటాను. ఏం మాన్పించారండీ మీరు?"

"మేడమ్, వాళ్లు నాకు ఒట్టేశారు."

"ఒట్లకి యంత్రం లేదు నా దగ్గర. మీరు అబద్ధాలకోరైనా అయ్యుండాలి, అమాయకుడైనా అయ్యుండాలి. ఏదో ఒకటి మీరే తేల్చుకోండి."

"నేను వెళ్లి అడిగొస్తాను" అని మాత్రం అని పెట్టేశాడు. నేను కళ్లు తుడుచుకుంటూ, బాగా బుద్ధిచెప్పానని సంతృప్తిగా టీ తాగాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ టీ గొంతుకి అడ్డం పడుతుంది.

మూడో రోజు మధ్యాహ్నం గడియారం గళ్ల కాగితం ఒకటి పట్టుకుని నా బల్ల దగ్గర నిలబడ్డాడు. నిలబడితే నిలబడే ఉంటాడు, పిలిస్తే గానీ మాట్లాడడు.

"ఏంట్రా?"

"అక్కా, ఇది చూడు."

ముక్క కోసిన వేళ అడ్డంగా, దొరికిన మందు నిలువుగా పెట్టి గీత గీశాడు. తొమ్మిదీ నలభైకి కోసిన మొదటి ముక్కలో మందు అన్నిటికన్నా ఎక్కువ. అక్కడ్నుంచి మెట్లు దిగినట్టు ఒక్కొక్క ముక్కకీ తగ్గుతూ, పన్నెండున్నరకి ఎనిమిదో ముక్క దగ్గర ఇంచుమించు అడుగంటింది. రెండుంబావుకి కోసిన తొమ్మిదో ముక్క దగ్గర మళ్లీ ఒక్క ఎగురు ఎగిరింది. ఆ తర్వాత సాయంత్రందాకా మళ్లీ దిగుడే.

"అయితే?" అన్నాను.

"గొర్రెలు భోజనానికి వెళ్లవు కదక్కా."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి దానంతట అదే కళ్లద్దాల మీదకి పోయింది.

"భోజనం అయ్యాక నువ్వేం చేశావు?" అన్నాడు మెల్లిగా.

"కంట్లో మందు వేసుకున్నాను. చేతులు కడుక్కుని తొడుగులు వేసుకున్నాను. రోజూ చేసేదే కదా."

"తొడుగులు వేసుకున్నాక?"

"ఏముంది, కళ్లు నీళ్లు కారుతుంటే..." అని ఆగిపోయాను. అతను తన పుస్తకం తెరిచాడు. అందులో గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: రెండూ పది, అక్క కళ్లద్దాలు ఎత్తి కన్ను ఒత్తుకుంది. రెండూ పదమూడు, మళ్లీ.

ఇంటికి ఫోన్ చేశాను. అత్తగారు ఎత్తింది.

"అత్తయ్యా, ఆ మందు గొట్టం మీద ఏం రాసుందో చదవండి."

"ఉండు, భూతద్దం తెచ్చుకోనీ." తెచ్చుకుంది. "చల్లని, పొడి ప్రదేశంలో ఉంచవలెను. చిన్నపిల్లలకు అందకుండా..."

"అది కాదండీ, మందు పేరు!"

"తొందరపడకు, వరసలో వస్తుంది. కంటికి మాత్రమే వాడవలెను. నోటితో... ఆ, ఇదిగో. క్లో... క్లోరాం... క్లోరాంఫెనికాల్. ఏం, గడువు తీరిపోయిందా?"

"గడువు నాకు తీరిందత్తయ్యా" అని పెట్టేశాను.

పశువులకు వెయ్యకూడదని నిషేధించిన మందూ అదే, మనుషుల కళ్లకు వేసే మందూ అదే. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. పాతికేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. చంకలో పిల్లవాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. వెతకడంతో ఊరుకున్నానా, ఊళ్లోవాళ్లని తిట్టిపోశాను కూడా.

ప్రతి ముక్కకీ జోడీగా మూసి ముద్రవేసిన ఇంకో ముక్క మంచుపెట్టెలో ఉంటుంది. నేను ఆ గదిలోకి అడుగుపెట్టకుండా, గడియారమే ఆ పదహారూ కోసి పరీక్ష చేశాడు. నేను అద్దం తలుపు బయట నిలబడి, కళ్లు తుడుచుకోవడానికి కూడా భయపడుతూ చూశాను. పదహారింటిలో దేనిలోనూ ఏమీ కనబడలేదు. గొర్రెలు నిర్దోషులు, కాపరులు నిర్దోషులు. దోషి మాత్రం అద్దం తలుపు బయట నిలబడి ఉంది.

పెద్దసారు తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించాడు. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడమ్మా. మనం చెప్పుకుంటే తప్ప ఎవరికీ తెలియదు. యంత్రం కొత్తది కదా, ఇంకా కుదురుకోలేదని రాసేద్దాం. దానికేం పరువు పోతుంది?"

నిజం చెప్పాలంటే, ఒక పూటంతా ఆ మాట నాకూ తియ్యగానే అనిపించింది. ఏడేళ్లుగా ఆ తెల్లజుట్టావిడకి శుభ్రత గురించి, కచ్చితత్వం గురించి పాఠాలు చెప్పిన మనిషిని. ఇప్పుడు ఆవిడ ముందు కన్ను నాదే అని ఎలా చెప్పను? తలుచుకుంటేనే తల కొట్టేసినట్టయింది. కానీ ఎంత ఆలోచించినా లెక్క ఒక్కచోటికే వచ్చింది. యంత్రం తప్పంటే, మాంసంలో మందు ఉందో లేదో మాకు తెలియదని అర్థం. తెలియకపోతే వాళ్లు ఏడాది ఆపేస్తారు. డాక్టరు పదహారు దొడ్ల ముందూ తలదించుకుని తిరుగుతాడు. గొర్రె కాదు, యంత్రం కాదు. మిగిలింది కన్ను. అది నాది.

"సార్, యంత్రానికి పరువు లేదు, నిజమే. డాక్టరుకి ఉంది" అన్నాను.

సమావేశం రోజుకి నా కళ్లు తేటపడ్డాయి. తెర మీద అవతలి నుంచి ఐదుగురు, ఇవతల పెద్దసారు, నేను, గడియారం, మూలగా డాక్టరు. ఆయనకి నేనింకా ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఫోన్ తీసిన ప్రతిసారీ పెట్టేశాను. ఆయన బూట్లు లేకుండా, ఇస్త్రీ చొక్కాతో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

నేను లేచి గడియారం గీసిన గీత తెర మీద పెట్టాను. "తొమ్మిదీ నలభైకి, రెండుంబావుకి చూడండి. ఆ రెండు వేళలకూ కాస్త ముందు నేను కళ్లకలకకి మందు వేసుకున్నాను. ఆ మందు ఇదే. తొడుగు వేసిన చేత్తో కన్ను ముట్టుకున్నాను. మాంసంలో కనబడ్డది నా కంట్లోని మందు. జోడీ ముక్కల ఫలితాలు ఇవిగో, వాటిలో కనబడలేదు."

దుబాసీ ఒక్క క్షణం ఆగి, తను సరిగా విన్నాడో లేదో చూసుకుని, అవతలి భాషలోకి మార్చాడు. తెల్లజుట్టావిడ కళ్లజోడు పెట్టుకుని ముందుకు వంగింది. ఏదో అడిగింది.

"ఏ కన్ను, అని అడుగుతున్నారు" అన్నాడు దుబాసీ.

"రెండూనండీ" అన్నాను.

ముందు ఆవిడ నవ్వింది. తర్వాత పక్కవాళ్లు, తర్వాత మా పెద్దసారు, ఆఖరికి నేను. డాక్టరు మాత్రం నవ్వలేదు, రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నేను తేల్చుకోలేకపోయాను.

నవ్వు తగ్గాక ఆవిడ గడియారం పుస్తకం తెర మీద పెట్టమంది. పేజీ పేజీ తిప్పించి చూసింది. చివరికి కళ్లజోడు తీసేసి, మెల్లిగా మాట్లాడింది. "ఇంత తక్కువ మందు కనబడిందని మూడేళ్లలో మేము పదకొండు సరుకులు వెనక్కి పంపాం. అవి ఏ వేళకి కోశారో మా దగ్గర ఎవరూ రాయలేదు. కోసినవాళ్ల కళ్లు ఎలా ఉన్నాయో కూడా ఎవరూ అడగలేదు." ఆ మాట తర్వాత ఆవిడ మొహంలో నవ్వు లేదు. నాకు ఆవిడ మీద మొదటిసారి మనసు కరిగింది. తన లెక్కే తప్పేమోనని అందరి ముందూ అనుమానించడం ఎంత కష్టమో ఆ వారమే నాకు తెలిసొచ్చింది.

ఆరోజు మూడు సంగతులు తేలాయి. డాక్టరు సరుకు బయల్దేరవచ్చు. ధ్రువపత్రంలో "లేదు" తీసేసి, ఎంతవరకూ వెతికాం అన్న అంకె, అంతవరకూ కనబడలేదన్న మాట రాయాలని, అది ఖాయమయ్యేదాకా ముసాయిదా పత్రాన్నే వాడుకోవచ్చని ఒప్పుకున్నారు. ముక్క కోసేవాళ్లు ఏ మందులు వాడుతున్నారో, ఏ వేళకి కోస్తున్నారో రెండు దేశాల్లోనూ రాయాలి. ఏడేళ్లు తెలివితేటలతో వాదించి సాధించలేనిది నా కళ్లకలక ఒక్క పూటలో సాధించింది. గడియారం ఈ మొత్తాన్నీ విని, మూడూ ఇరవై రెండుకి ఒప్పందం కుదిరిందని తన పుస్తకంలో రాసుకున్నాడు.

నడవాలో డాక్టరు దగ్గరకెళ్లాను. "మిమ్మల్ని అనరాని మాట అన్నాను. క్షమించండి" అన్నాను. నాకు క్షమాపణలు చెప్పే అలవాటు తక్కువ.

"నాదేముంది మేడమ్" అన్నాడాయన. "మీరు ఫోన్ పెట్టేశాక పదహారు దొడ్లూ తిరిగాను. ఒక్కొక్కళ్ల మొహంమీదే అడిగాను, మందు ఎవరు వేశారని. రెండేళ్లు నా మాట విన్న మనుషుల్ని దొంగల్ని చూసినట్టు చూశాను. మీరు నన్ను ఒక్కసారి అనుమానించారు. నేను పదహారు మందిని అనుమానించాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లాలా అనుకుంటున్నాను."

"నా మొహం పెట్టుకుని వెళ్దాం పదండి" అన్నాను.

రెండు రోజులు సెలవు పెట్టాను. ఆయన పాత జీపులో, గతుకుల దారిలో, పదహారు దొడ్లకీ వెళ్లాం. ప్రతిచోటా ఆయన ముందు దిగేవాడు, నేను వెనకాల దిగేదాన్ని. "తప్పు మీది కాదు, డాక్టరుది కాదు. నా కంట్లో మందు మీ మాంసంలో పడింది" అని చెప్పేదాన్ని. ఒక చోట పడీపడీ నవ్వారు. ఒక చోట అసలు నమ్మలేదు, డాక్టరు నన్ను జీతమిచ్చి తెచ్చాడనుకున్నారు. ఒకాయన మాత్రం "మా గొర్రెలు కూడా కళ్లు నలుపుకోవు కదమ్మా" అన్నాడు. ఆరో దొడ్డి దాటేసరికి సిగ్గు చచ్చిపోయి, ఆ కథ చెప్పడం నాకే బాగా వచ్చేసింది.

ఆఖరి దొడ్డి ఒక పెద్దావిడది. ఒక్కతే నలభై గొర్రెల్ని మేపుతుంది. డాక్టరు అడగొచ్చిన రోజు ఈవిడే అందరికన్నా ఎక్కువ బాధపడిందట, ఆయన మొహం మీద తలుపు వేసేసిందట. ఆయన జీపు దిగలేక దిగాడు. ఆవిడ ఆయన వైపు చూడకుండా నేను చెప్పిందంతా నిలబడే విన్నది.

"ఇప్పుడు తగ్గిందా?" అంది.

"తగ్గిందమ్మా" అన్నాను.

ఆవిడ నా మాట నమ్మలేదు. దగ్గరకొచ్చి, గడ్డం పట్టుకుని, మొహం ఎండవైపు తిప్పింది. గొర్రె కన్ను చూసినట్టే బొటనవేలితో నా కింది రెప్ప లాగి చూసింది. రెండో కన్నూ చూసింది. అప్పుడు నన్ను వదిలిపెట్టి, "లోపలికి రండి డాక్టరుగారూ" అంటూ తలుపు తెరిచింది.